రాన్ డేన్ పరిగెత్తింది 7,125 యార్డులా, 6,397 యార్డులా?

2017లో జొనాథన్ టేలర్ అనే కుర్రాడు అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌లోకి వచ్చాడు (మన ఫుట్‌బాల్ కాదు, బంతి చేత్తో పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్), ఫస్టియర్, రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరిగెత్తడమే వాడి పని, ఆ ఒక్క సీజన్లో బంతి చంకలో పెట్టుకుని 1,977 యార్డులు పరిగెత్తాడు. కాలేజీ ఫుట్‌బాల్ టాప్ డివిజన్ మొత్తంలో ఫస్టియర్ వాళ్ళలో అంత పరిగెత్తినోడు లేడు, 2004లో ఒక్లహోమా తరఫున ఏడ్రియన్ పీటర్సన్ కొట్టిన 1,925 రికార్డు పోయింది అన్నారు. బానే ఉంది. ఇప్పుడు అదే విస్కాన్సిన్ వాళ్ళ సొంత రికార్డు పుస్తకం తెరిచి ఫస్టియర్ లిస్టు చూడండి, పైన టేలర్ ఉండడు. రాన్ డేన్ ఉంటాడు, 1996, 2,109 యార్డులు. స్టేట్ ఫస్ట్ వచ్చిన పిల్లాడికి క్లాసులో సెకండ్ ర్యాంక్ వచ్చినట్టుంది కదా.

నేను మొదటిసారి చూసినప్పుడు ఎవరో టైపింగ్‌లో తప్పు కొట్టారనుకున్నా. తప్పేం లేదు, రెండు అంకెలూ కరెక్టే, కాకపోతే ఇద్దరినీ కొలిచిన కుంచం ఒకటి కాదు. ఈ ముడి ఎక్కడ పడిందో అర్థమైతే కాలేజీ ఫుట్‌బాల్ రికార్డుల్లో సగం గొడవలు వాటంతటవే విడిపోతాయి, అందుకే విస్కాన్సిన్‌ని పట్టుకుని చెప్తున్నా.

ఆట తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. యార్డ్ అంటే మన గజమే, స్థలాలు కొన్నవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక్కో ప్లే ఎక్కడ మొదలైందో అక్కడో గీత ఉన్నట్టు అనుకోండి, బంతి పట్టుకుని పరిగెత్తినోడు ఆ గీత నుంచి ఎంత ముందుకెళ్ళి పడ్డాడో అన్ని యార్డులు వాడి ఖాతాలో పడతాయి, వెనక్కి నెట్టేస్తే మైనస్. అరలు పావులు ఉండవు, అన్నీ పూర్తి అంకెలే. ఇలా పోగైనదాన్నే రషింగ్ యార్డులు అంటారు. సీజన్ సెప్టెంబర్లో మొదలై నవంబర్ చివరికి దాదాపు అయిపోతుంది, ఆ తర్వాత డిసెంబర్, జనవరిలో బాగా ఆడిన టీములని పిలిచి ఆడించే ఆటలు ఉంటాయి, రోజ్ బౌల్, ఆరెంజ్ బౌల్ లాంటివి. వీటినే బౌల్ గేమ్స్ అంటారు.

అసలు మెలిక ఈ బౌల్స్‌లో ఉంది. 2001 సీజన్ దాకా బౌల్ గేమ్‌లో ఆటగాడు ఏం చేసినా ఎన్‌సీఏఏ, అంటే అక్కడి కాలేజీ ఆటలన్నిటినీ చూసే సంస్థ, దాన్ని వ్యక్తిగత రికార్డుల్లో కలిపేది కాదు. సీజన్ వేరు, బౌల్ వేరు, బౌల్ అంటే పిలిస్తే వెళ్ళి ఆడొచ్చే బహుమతి ఆట అన్నట్టు చూసేవాళ్ళు. 2002 నుంచి కలపడం మొదలెట్టారు. కలిపితే కలిపారు, పాతవాళ్ళకి మాత్రం కలపలేదు. ఒక కంట్లో వెన్న ఇంకో కంట్లో సున్నం అంటారే, అలా.

ఇప్పుడు టేలర్ డేన్ లెక్క వేస్కుందాం. 1996లో డేన్ రెగ్యులర్ సీజన్ 12 ఆటల్లో 1,863 యార్డులు, ఆ తర్వాత కాపర్ బౌల్‌లో యూటా మీద 246, మొత్తం 2,109. 2017లో టేలర్ బౌల్‌కి ముందు 13 ఆటల్లో 1,847, ఆరెంజ్ బౌల్‌లో మయామీ మీద 130, మొత్తం 1,977. ఇద్దరికీ బౌల్ తీసెయ్యండి, డేన్ 16 యార్డులు ముందున్నాడు, అది కూడా ఒక ఆట తక్కువ ఆడి. ఇద్దరికీ బౌల్ కలపండి, డేన్ 132 ముందున్నాడు. ఎలా చూసినా డేనే. టేలర్ ముందుకి రావాలంటే ఒకే ఒక్క దారి, టేలర్‌కి బౌల్ కలిపి డేన్‌కి తీసెయ్యాలి, ఎన్‌సీఏఏ లెక్క కరెక్ట్‌గా అదే చేస్తుంది. కాలేజీ వాళ్ళు మాత్రం తమ పుస్తకంలో అందరికీ బౌల్ కలిపేసుకున్నారు, వాళ్ళ ఇల్లు వాళ్ళ లెక్క.

క్రికెట్‌లోనూ ఇలాంటివి ఉన్నాయి. సి.కె. నాయుడు గారిది నాగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం, మన దేశానికి మొదటి టెస్ట్ కెప్టెన్, ఆయన టెస్ట్ రికార్డు చూస్తే 7 మ్యాచులు 350 పరుగులు, అంతే. ఈ అంకె ఒక్కటే చూసినవాడు ఈయన గురించి మన తాతలు ఎందుకంత చెప్పుకున్నారు అనుకుంటాడు. 1926లో బొంబాయిలో ఎంసీసీ మీద కొట్టిన 153 ఆ లెక్కలో లేదు, ఉండదు కూడా, ఎందుకంటే మనకి టెస్ట్ హోదా వచ్చిందే 1932లో. డేన్‌ది అంతకన్నా చిత్రం, ఆడింది అదే టీముకి, అదే జెర్సీలో, అదే రూల్స్‌తో, ఆట పేరులో బౌల్ అని ఉన్నందుకు లెక్క తప్పింది.

ఫస్టియర్ రికార్డు చిన్న గొడవ, పెద్దది కెరీర్ రికార్డు. డేన్ 1996 నుంచి 1999 దాకా నాలుగు సీజన్లు ఆడాడు, దాదాపు 250 పౌండ్ల మనిషి, అంటే 110 కిలోల పైన, కుదురుగా బండలా ఉండేవాడు. 1999 నవంబర్ 13న మాడిసన్‌లో క్యాంప్ ర్యాండల్ స్టేడియంలో అయోవాతో ఆట. అప్పటికి కెరీర్ రికార్డు టెక్సస్ ఆటగాడు రికీ విలియమ్స్‌ది, 6,279, అదీ ముందు ఏడాది కొట్టిందే. డేన్‌కి కావాల్సింది 99 యార్డులు. జనం చేతుల్లో డేన్ పేరు, 33 నంబరు ఉన్న తెల్ల తువ్వాళ్ళు. రెండో క్వార్టర్లోనే ఒక 31 యార్డుల పరుగుతో దాటేశాడు, ఆట అయ్యేసరికి ఆ రోజు 216, టీము 41-3తో గెలిచింది, స్టేడియం పై అంతస్తు ముందు గోడ మీద వాడి పేరు, 33 నంబరు ఆ రోజే ఆవిష్కరించారు. ఎన్‌సీఏఏ ఖాతా అక్కడితో క్లోజ్, 6,397. తర్వాత జనవరిలో రోజ్ బౌల్‌లో స్టాన్‌ఫర్డ్ మీద ఇంకో 200 పరిగెత్తి ఎంవీపీ, అంటే ఆ ఆటలో మేటి ఆటగాడి బహుమతి, కూడా కొట్టాడు, అది ఖాతాలోకి రాలేదు.

వాడి నాలుగు బౌల్స్ వరసగా రాస్తే 246, 36, 246, 200. మధ్యలో ఆ 36 జార్జియా మీద, ఒక్క ఆటలో మాత్రం దొరికిపోయాడన్నమాట. మొత్తం 728. 6,397కి 728 కలిపితే 7,125, విస్కాన్సిన్ పుస్తకంలో ఉండేది ఈ అంకె.

పదిహేడేళ్ళు గడిచాయి. 2016 డిసెంబర్లో శాన్ డియేగో స్టేట్ కుర్రాడు డానెల్ పంఫ్రీ, డేన్‌లో మూడొంతులు కూడా బరువుండడేమో, చిన్న ఒళ్ళు, చురుకు కాళ్ళు, వాడు 6,290 యార్డులతో తన ఆఖరి ఆటకి వచ్చాడు. ఆ ఆట లాస్ వేగాస్ బౌల్. హ్యూస్టన్ మీద 115 పరిగెత్తాడు, మొత్తం 6,405. డేన్‌ని 8 యార్డులతో దాటాడు, కొత్త రికార్డు అని ప్రకటించేశారు. చూశారా, రికార్డు బద్దలైంది బౌల్ గేమ్‌లో, బద్దలవ్వడానికి కారణం అవతలోడి బౌల్ గేమ్స్ లెక్కలో లేకపోవడం. ఆ ఒక్క లాస్ వేగాస్ బౌల్ తీసేస్తేనే పంఫ్రీ 6,290 దగ్గర ఆగిపోతాడు, అంతకు ముందు ఏళ్ళలో వాడు ఆడిన బౌల్స్ కూడా తీసేస్తే ఇంకా కిందకి పోతాడు. విస్కాన్సిన్ జనాలు ఇప్పటికీ దీని మీద మండిపడతారు, నాకు వాళ్ళ బాధ న్యాయంగానే అనిపిస్తుంది. కానీ పంఫ్రీ తప్పేముంది, ఎన్ని ఆటలు లెక్కిస్తారో వాడు నిర్ణయించలేదు, బంతి ఇచ్చారు పరిగెత్తాడు.

ఇదే బొమ్మ వేరే ఊళ్ళో కూడా ఆడింది. 1988లో ఒక్లహోమా స్టేట్‌కి బ్యారీ సాండర్స్ 11 ఆటల్లో 2,628 యార్డులు పరిగెత్తాడు, ఒక సీజన్ రికార్డు అదే, ఇంకా ఎవడూ దాటలేదు. ఆ ఏడాది హాలిడే బౌల్‌లో వ్యోమింగ్ మీద ఇంకో 222, 5 టచ్‌డౌన్లు (టచ్‌డౌన్ అంటే బంతిని అవతలి కొస గీత దాటించడం), అవి లెక్కలో లేవు. 2024లో బోయిసీ స్టేట్ ఆటగాడు ఆష్టన్ జెంటీ 14 ఆటలు ఆడి 2,601 దగ్గర ఆగాడు, ఫియస్టా బౌల్‌లో పెన్ స్టేట్ వాళ్ళు 104కే కట్టేశారు, ఇంకో 28 ఉంటే రికార్డు వాడిదే. ఆ డిసెంబరంతా జెంటీ దాటుతాడా లేదా అని చర్చలే చర్చలు. బౌల్ కలిపితే సాండర్స్‌ది 2,850, అప్పుడు జెంటీ 27 కాదు 249 వెనక. మూడు ఆటలు ఎక్కువ ఆడి కూడా.

విస్కాన్సిన్‌కీ సాండర్స్‌కీ ఇంకో ముడి ఉంది. 2011లో మాంటీ బాల్ అని విస్కాన్సిన్ రన్నింగ్ బ్యాక్ 39 టచ్‌డౌన్లు చేసి సాండర్స్ సీజన్ రికార్డుతో సమం అయ్యాడు. 38తో రోజ్ బౌల్‌కి వెళ్ళి అక్కడ ఒకటి చేసి 39 కొట్టాడు. సాండర్స్ 39 మాత్రం బౌల్ లేకుండా, కలిపితే 44. సమం అన్నమాట ఎంత సమమో మీరే చూస్కోండి. మాంటీ బాల్‌ని తక్కువ చెయ్యట్లేదు, కెరీర్ మొత్తం 77 రషింగ్ టచ్‌డౌన్లు, 83 మొత్తం టచ్‌డౌన్లు చేసినవాడిని ఎవరు తక్కువ చేస్తారు.

బౌల్ ఒక్కటే కాదు, అసలు ఆటల సంఖ్యే పెరుగుతూ వచ్చింది. 1950ల్లో సీజన్‌కి తొమ్మిది పది ఆటలు, తర్వాత పదకొండు, 2006 నుంచి అందరికీ పన్నెండు, ఆ పైన కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల గుంపు) ఫైనల్, బౌల్, 2014 నుంచి జాతీయ టైటిల్ కోసం ప్లేఆఫ్, అది 2024లో పన్నెండు టీములకి పెరిగింది. బాగా ఆడే టీములో ఉన్నవాడికి ఇప్పుడు పదిహేను పదహారు ఆటలు కూడా దొరకొచ్చు. సీజన్ రికార్డులు, కెరీర్ రికార్డులు ఎప్పుడూ కొత్తవాళ్ళ వైపే ఒరుగుతాయి, ఆటకి సగటు ఎంత అని చూస్తే తప్ప పాతవాళ్ళకి న్యాయం జరగదు.

పాతవాళ్ళంటే అలన్ అమీచి గుర్తొస్తాడు. విస్కాన్సిన్‌కి మొదటి హైస్‌మన్ ట్రోఫీ, అంటే ఆ ఏటి మేటి కాలేజీ ఆటగాడి బహుమతి, తెచ్చినవాడు, 1954లో, రెండోది మన డేన్ 1999లో. అమీచి నాలుగు సీజన్లలో 3,212 యార్డులు, అప్పటికి దేశం మొత్తానికి కెరీర్ రికార్డు అదే. అసలు వాడు నాలుగు సీజన్లు ఎలా ఆడాడు అన్నదే ఒక కథ, ఆ రోజుల్లో ఫస్టియర్ పిల్లలని మెయిన్ టీములో ఆడనిచ్చేవాళ్ళు కాదు, ఆ రూలు 1972లో గానీ పూర్తిగా పోలేదు. కొరియా యుద్ధానికి కుర్రాళ్ళు వెళ్ళిపోయి టీములు ఖాళీ అవుతున్నాయని 1951లో సడలించారు, అదే ఏడు అమీచి ఫస్టియర్. ఒకటి రెండేళ్ళు ముందు పుట్టుంటే వాడికి మూడు సీజన్లే. దానికి తోడు 1953లో ఆట మధ్యలో ఆటగాళ్ళని మార్చడం మీద రూలు బిగించారు, దాంతో బంతి పట్టుకుని పరిగెత్తేవాడే అవతలి టీము చేతికి బంతి వచ్చినప్పుడు లైన్‌బ్యాకర్‌గా, అంటే డిఫెన్స్‌లో, నిలబడి గుద్దుకోవాలి. ఇప్పటి రన్నింగ్ బ్యాక్ తన టీము డిఫెన్స్ ఆడేటప్పుడు బెంచ్ మీద కూర్చుని నీళ్ళు తాగుతాడు. టేలర్ ఆ 3,212ని రెండో సీజన్ అవ్వకముందే దాటేశాడు, అలాగని అమీచి కన్నా రెట్టింపు గొప్పోడు అంటే నేనొప్పుకోను.

ఇక బంతి విసిరేవాళ్ళ, అంటే క్వార్టర్‌బ్యాక్‌ల సంగతి. విస్కాన్సిన్ పుస్తకంలో పాసింగ్ పేజీ చూస్తే పాపం అనిపిస్తుంది. కెరీర్ పాసింగ్ యార్డుల్లో పైనున్నది డ్యారెల్ బెవెల్, 1992 నుంచి 95, 7,686. అదే హ్యూస్టన్‌కి ఆడిన కేస్ కీనమ్ కెరీర్ 19,217. అంటే విస్కాన్సిన్ క్వార్టర్‌బ్యాక్‌లు చేతకానివాళ్ళనా? కాదు, బ్యారీ అల్వరెజ్ కోచ్‌గా వచ్చినప్పటి నుంచి ఆ టీము పద్ధతే అది, భారీ లైన్‌మెన్‌ని పెట్టుకుని ముందుకి నెట్టుకుంటూ పరిగెత్తడం. బంతి విసిరే అవకాశమే తక్కువ వస్తే యార్డులు ఎక్కడి నుంచి వస్తాయి. వరి పండే ఊళ్ళో మిర్చి దిగుబడి రికార్డు వెతికినట్టు ఉంటుంది. కాలేజీ రికార్డు పుస్తకం ఆటగాళ్ళ గురించి ఎంత చెప్తుందో, కోచ్ ఏం నమ్మాడన్నది కూడా అంతే చెప్తుంది.

అందులో రసెల్ విల్సన్ ఒక వింత. నార్త్ కరొలైనా స్టేట్ నుంచి వచ్చి విస్కాన్సిన్‌కి ఆడింది ఒక్క సీజనే, 2011, ఆ ఒక్క సీజన్‌తోనే 3,175 యార్డులు, 33 టచ్‌డౌన్ పాస్‌లు, రేటింగ్ (పాస్‌లు ఎంత బాగా విసిరాడో కొలిచే అంకె) 191.8, అప్పటికి అది దేశం మొత్తంలో సీజన్ రికార్డు. ఎన్ఎఫ్ఎల్, అంటే అక్కడి ప్రొఫెషనల్ లీగ్, చూసేవాళ్ళు ఇక్కడ ఆగిపోతారు, అక్కడ రేటింగ్ ఎంత బాగా ఆడినా 158.3 దాటదు కదా, 191 ఎలా వచ్చింది అని. కాలేజీది వేరే ఫార్ములా. యార్డులని 8.4తో గుణించాలి, టచ్‌డౌన్లని 330తో, అందిన పాస్‌లని 100తో, మూడూ కలిపి, అవతలోడు పట్టేసిన పాస్ ఒక్కోదానికి 200 తీసేసి, మొత్తాన్ని విసిరిన పాస్‌ల సంఖ్యతో భాగించాలి. విల్సన్ 309 విసిరితే 225 అందాయి, 4 అవతలోళ్ళు పట్టారు. 26,670 ప్లస్ 10,890 ప్లస్ 22,500 మైనస్ 800, అంటే 59,260, దాన్ని 309తో భాగిస్తే 191.8 దగ్గరకొచ్చింది. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి కొట్టి చూడండి, సరదాగా ఉంటుంది. ఎన్ఎఫ్ఎల్ ఫార్ములాలో ఒక్కో భాగానికీ పైన మూత ఉంది, దీనికి లేదు, అందుకే ఈ అంకెని ఆ అంకెతో పోల్చకూడదు.

క్వార్టర్‌బ్యాక్‌ల దగ్గరే ఇంకో తేడా. బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని వెనకాలే పడేస్తే దాన్ని సాక్ అంటారు. ఎన్ఎఫ్ఎల్‌లో ఆ పోయిన యార్డులు టీము పాసింగ్ లెక్కలోంచి తీస్తారు. కాలేజీలో వాడి రషింగ్ లెక్కలోంచి తీస్తారు, అంటే పరిగెత్తడం వాడి ఉద్దేశమే కాకపోయినా వాడు వెనక్కి పరిగెత్తినట్టు రాస్తారన్నమాట. విల్సన్ ఆ ఏడాది రషింగ్ 338 యార్డులు అని కనిపిస్తుంది, కాళ్ళతో నిజంగా సంపాదించింది అంతకన్నా ఎక్కువే, సాక్‌లు కోసుకోగా మిగిలింది అది.

సాక్ కొట్టినవాడి వైపు నుంచి చూస్తే ఇంకా ఘోరం. సాక్‌లు, ట్యాకిల్స్ (బంతి ఉన్నోడిని పట్టి పడెయ్యడం) లాంటి డిఫెన్స్ లెక్కలు ఎన్‌సీఏఏ అధికారికంగా రాయడం మొదలెట్టిందే 2000లో. విస్కాన్సిన్ ఆటగాడు టామ్ బర్క్ 1998లో ఒక్క సీజన్లో 22 సాక్‌లు కొట్టాడు, కాలేజీ పుస్తకంలో ఉంది, జాతీయ పుస్తకంలో వాడికి చోటే లేదు. జాతీయ రికార్డు అరిజోనా స్టేట్ ఆటగాడు టెరెల్ సగ్స్ 2002లో కొట్టిన 24. అలబామా తరఫున డెరిక్ థామస్ 1988లో 27 కొట్టాడు, అదీ లేదు. పెళ్ళి అయ్యాక ఫొటోగ్రాఫర్ వచ్చినట్టు.

ఇన్ని మెలికలు లేకుండా కాస్త శుభ్రంగా ఉండేవి ఒక్క ఆట రికార్డులు, ఎందుకంటే ఆట ఆటే కదా, అరవై నిమిషాలు అందరికీ ఒకటే. 2014 నవంబర్ 15న నెబ్రాస్కా మీద మెల్విన్ గోర్డన్ 25 సార్లు బంతి పట్టుకుని 408 యార్డులు పరిగెత్తాడు, సారికి 16 పైన, 1999లో టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ తరఫున లడేనియన్ టామ్లిన్సన్ కొట్టిన 406 పోయింది. మూడో క్వార్టర్ ఆఖరి ప్లేలో 26 యార్డుల టచ్‌డౌన్‌తో దాటాడు, స్కోరు ఎలాగూ ఏకపక్షంగా ఉంది కాబట్టి నాలుగో క్వార్టర్ వాడిని దింపనే లేదు. సరిగ్గా వారానికి, నవంబర్ 22న, ఒక్లహోమా ఫస్టియర్ కుర్రాడు సమాజె పెరైన్ కాన్సస్ మీద 427 కొట్టాడు. జాతీయ రికార్డు గోర్డన్ దగ్గర ఏడు రోజులుంది. శుభ్రంగా ఉంటాయి అన్నా కదా, అయినా ఇక్కడ కూడా కోచ్ ఆ పదిహేను నిమిషాలు ఆడించుంటే అన్న ప్రశ్న మిగిలిపోయింది.

మళ్ళీ టేలర్ దగ్గరకొద్దాం. మూడు సీజన్లు, 1,977, 2,194, 2,003, మొత్తం 6,174, 41 ఆటలు, ఆటకి సగటు 150. నాలుగో ఏడు ఉండకుండా ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్ళిపోయాడు, 2020 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకునే చోట, రెండో రౌండ్లో ఇండియానాపోలిస్ కోల్ట్స్ తీసుకుంది. రన్నింగ్ బ్యాక్ ఒళ్ళు ఎన్ని దెబ్బలకి ఓర్చుకుంటుందో లెక్క ఉంటుంది, జీతం రాకుండా ఇంకో మూడొందల సార్లు గుద్దించుకోవడం ఎందుకు, వెళ్ళిపోవడమే తెలివైన పని. ఉండుంటే ఎన్‌సీఏఏ పుస్తకంలో డేన్‌ని దాటడానికి 224, పంఫ్రీని దాటి మొదటి చోటుకి రావడానికి 232, కాలేజీ పుస్తకంలో డేన్‌ని దాటడానికి 952 కావాలి. కోవిడ్ దెబ్బకి 2020లో విస్కాన్సిన్ ఆడింది మొత్తం ఏడే ఆటలు. ఏడింటికీ వాడి సగటు వేస్తే వెయ్యి దాటుతుంది, అంటే రెండు పుస్తకాల్లోనూ వాడే పైన ఉండేవాడు, కాకపోతే కాలేజీ పుస్తకంలో దాటడం ఏడో ఆటలో గానీ అయ్యేది కాదు. ఆ ఏడో ఆట కూడా బౌల్ గేమే.